చివరి కమిట్ పడి 14 నెలలైంది: ఆ ప్యాకేజీ బతికే ఉందా?

నాకు వచ్చిన ప్రశ్న క్లుప్తంగా ఇదీ. మాదాపూర్‌లో చిన్న స్టార్టప్. బేగంబజార్ హోల్‌సేల్ షాపులకి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేస్తున్నారు. తెలుగు, ఇంగ్లీషు రెండింట్లో బిల్లుని పీడీఎఫ్‌గా తీయడానికి ఒక ఎన్‌పీఎం ప్యాకేజీ (ఎన్‌పీఎం అంటే రెడీమేడ్ జావాస్క్రిప్ట్ కోడ్ దొరికే భాండాగారం) చూసుకున్నారు. కోడ్ ఉంచే గిట్‌హబ్ సైటులో దానికి 14 వేల స్టార్లు, 380 ఓపెన్ ఇష్యూలు (ఇంకా మూయని ఫిర్యాదులు, ప్రశ్నలు) ఉన్నాయి, చివరి కమిట్ (కోడ్‌లో చేర్చిన మార్పు) పడి 14 నెలలైంది. "చచ్చిపోయిన ప్రాజెక్టు, వద్దు" అని మీ లీడ్ గారు. "ఇంతమంది వాడుతున్నారు కదా" అని మీరు. ఎవరి మాట నిజం?

సూటిగా చెప్పాలంటే, మీ ఇద్దరూ పట్టుకున్న అంకెలు దీన్ని తేల్చవు. తేల్చేది ఇది: బయటివాళ్లెవరో ఒక నిజమైన బగ్ చెప్పినప్పుడు మెయింటైనర్లు (ప్రాజెక్టుని చూసుకునేవాళ్లు) ఎన్నాళ్లకి పలికారు, ఏం చేశారు, ఆ ఫిక్స్ రిలీజై ఎన్‌పీఎం దాకా వచ్చిందా? చెప్పడం, పలకడం, సరిచేయడం, రిలీజ్ చేయడం. ఈ గొలుసులో ఎక్కడ తెగిందో చూస్తే ప్యాకేజీ సంగతి తెలిసిపోతుంది. దీనికి ఒక గంట చాలు. గొలుసు తెగి ఉంటే అడగాల్సిన రెండో ప్రశ్న, రేపు దీన్ని వదిలేయాల్సి వస్తే మనకి ఎన్ని రోజుల పని పడుతుంది అని. ఈ రెండు జవాబులూ పక్కపక్కన పెట్టుకుని నిర్ణయం తీసుకోండి.

ముందు ఆ అంకెల సంగతి. స్టార్ అంటే ఎవరో ఒకరోజు చూసి బాగుందనుకున్న గుర్తు. ఎనిమిదేళ్ల కిందట పెట్టిన స్టారు ఇవాళా అలాగే ఉంటుంది, వెనక్కి వెళ్లి తీసేసేవాళ్లు అరుదు. డబ్బిచ్చి కొనుక్కునేవాళ్లు కూడా ఉన్నారు. డౌన్‌లోడ్ల లెక్కలో మనుషుల కంటే సీఐ సర్వర్లే (కోడ్‌ని దానంతటదే బిల్డ్ చేసి పరీక్షించే మెషీన్లు) ఎక్కువ, ప్రతి బిల్డ్‌కీ మళ్లీ దించుకుంటాయి కాబట్టి. రిక్వెస్ట్ అనే ప్యాకేజీనే చూడండి. 2020 ఫిబ్రవరిలో దాన్ని రాసినవాళ్లే డిప్రికేట్ చేశారు, అంటే ఇక వాడొద్దని ప్రకటించారు. అయినా పాత ప్యాకేజీల అడుగున ఉండిపోయి ఇప్పటికీ వారానికి లక్షల్లో డౌన్‌లోడ్ అవుతూనే ఉంది. 380 ఓపెన్ ఇష్యూలు అన్నా అంతే. వాటిలో ఎన్ని బగ్గులు, ఎన్ని సందేహాలు, ఎన్ని "ఈ ఫీచర్ కూడా పెట్టండి" అన్నవో తెలియకుండా ఆ సంఖ్యకి విలువ లేదు.

ఇష్యూలు లెక్కపెట్టకండి, చదవండి

ఇష్యూల పేజీలో కొత్తవి పైకి వచ్చేలా పెట్టండి. ఓపెన్, క్లోజ్డ్ రెండూ కలిపి వరసగా 20 తెరవండి. ఒక కాగితం మీద నాలుగు గడులు గీసుకోండి: ఎప్పుడు పెట్టారు, మెయింటైనర్ మొదటి జవాబు ఎన్నో రోజున వచ్చింది, చివరికి ఏమైంది, మూసింది ఎవరు. మెయింటైనర్ని గుర్తుపట్టడం తేలికే. గిట్‌హబ్‌లో కామెంటు పెట్టినవాళ్ల పేరు దగ్గర ఓనర్, మెంబర్, కొలాబరేటర్ అని చిన్న పట్టీ కనిపిస్తుంది. కంట్రిబ్యూటర్ అని ఉంటే గతంలో కోడ్ ఇచ్చారని మాత్రమే అర్థం, మెర్జ్ చేసే (మార్పుని అసలు కోడ్‌లో కలిపే) అధికారం ఉందని కాదు. ఈ తేడా చూసుకోక చాలామంది బోల్తా పడతారు. ఎవరో ఓపికస్తుడు ప్రతి ఇష్యూకీ జవాబిస్తుంటాడు, ప్రాజెక్టు చురుగ్గా ఉందనుకుంటాం. తీరా చూస్తే ఆయన చేతిలో తాళంచెవి ఉండదు.

మూడో గడిలో "ఏమైంది" అన్నచోట జాగ్రత్త. కొన్ని రిపోల్లో (రిపో అంటే ప్రాజెక్టు కోడ్ ఉండే చోటు) స్టేల్ బాట్ పెడతారు. ఇన్ని రోజులు ఎవరూ మాట్లాడకపోతే అది "కదలిక లేదు కాబట్టి మూసేస్తున్నాం" అని రాసి ఇష్యూని మూసేస్తుంది. అలాంటి రిపోలో ఓపెన్ ఇష్యూలు 12 మాత్రమే కనిపించవచ్చు. క్లోజ్డ్‌లోకి వెళ్లి చూస్తే ఒక్కదానికీ పరిష్కారం ఉండదు. దీనికంటే 380 ఓపెన్‌గా ఉంచిన ప్రాజెక్టే నయం. కనీసం ఏది విరిగి ఉందో దాచడం లేదు.

నేను పెట్టుకునే గీత ఇది. 20లో పన్నెండు పైన ఇష్యూలకి రెండు వారాల్లో మెయింటైనర్ మాట పడి ఉంటే ప్రాజెక్టు బాగున్నట్టే, కమిట్లు తక్కువున్నా సరే. అయిదు కంటే తక్కువకి పడి ఉంటే మెయింటైనర్లు లేనట్టే లెక్క వేసుకుని ముందుకి వెళ్లాలి. మధ్యలో ఉంటే కింద చెప్పేవన్నీ చూడాలి. "ఇది మా పరిధిలోకి రాదు, చేయం" అని రెండు ముక్కల్లో చెప్పి మూసేసే మెయింటైనర్ని చూసి మొహం చిట్లించకండి. హద్దులు తెలిసిన మనిషి ఉన్నాడని దానర్థం.

తర్వాత పుల్ రిక్వెస్టులు, అంటే ఎవరైనా కోడ్ రాసి, కలపమని అడిగే మార్పులు. గత రెండేళ్లలో మెర్జ్ అయినవి వెతికి, అందులోంచి డిపెండాబాట్, రెనొవేట్ లాంటి బాట్‌లు పెట్టినవి తీసేయండి. ఈ ఒక్క ఫిల్టర్‌తో చాలా ప్రాజెక్టుల "చురుకుదనం" ఆవిరైపోతుంది. వారం వారం కమిట్లు పడుతున్నాయని మురిసిపోతాం, అన్నీ బాట్ వెర్షన్ నంబర్లు పెంచినవే అయి ఉంటాయి. మిగిలినవాటిలో బయటివాళ్లవి ఎన్నో చూడండి. నా అనుభవంలో అన్నిటికంటే చెడ్డ సంకేతం ఇది: ఒక బగ్‌కి ఎవరో ఫిక్స్ రాసి, టెస్టులు పాసై, కింద యాభై మంది బొటనవేలు ఎత్తి, "దీన్ని మెర్జ్ చేయండి ప్లీజ్" అని ఏడాదిగా అడుగుతూ ఉంటే. రాయడానికి మనిషి దొరికాడు, తలుపు తీయడానికే ఎవరూ లేరు. ఆ కామెంట్లలోనే "మేము ఫలానా ఫోర్క్‌కి మారిపోయాం" అని ముగ్గురు నలుగురు ఒకే పేరు చెబుతుంటే జనం ఎటు వెళ్లారో కూడా తెలిసిపోతుంది. అప్పుడు ఆ ఫోర్క్‌ని (అదే కోడ్‌ని వేరేవాళ్లు విడిగా కొనసాగిస్తున్న కాపీని) ఇదే పద్ధతిలో పరీక్షించండి.

రిలీజ్ దాకా వచ్చిందా?

రిపోలో ఫిక్స్ ఉండటం వేరు, మీ సర్వర్‌లోకి రావడం వేరు. ఎన్‌పీఎం వ్యూ కమాండ్‌కి ప్యాకేజీ పేరు, దాని తర్వాత టైమ్ అని ఇస్తే ప్రతి వెర్షనూ ఏ తేదీన పబ్లిష్ అయిందో వరసగా వస్తుంది. ఆ చివరి తేదీని మెయిన్ బ్రాంచి (అసలు కోడ్ ఉండే శాఖ) చివరి కమిట్ తేదీతో పోల్చండి. మీ ప్యాకేజీ విషయంలో చివరి కమిట్ 14 నెలల కిందట అన్నారు. చివరి రిలీజ్ కూడా అప్పుడే అయితే ఫర్వాలేదు. రిలీజ్ 30 నెలల కిందటిదై, ఈ మధ్యలో మెర్జ్ అయిన ఫిక్సులన్నీ మెయిన్‌లోనే ఉండిపోతే, కోడ్ చేసే మనిషి ఉన్నాడు, పబ్లిష్ చేసే మనిషి లేడు. ఎన్‌పీఎం పాస్‌వర్డ్ ఉన్న పాత ఓనర్ వెళ్లిపోయి, మిగిలినవాళ్లకి పబ్లిష్ హక్కు లేని ప్రాజెక్టులు ఉంటాయి. "కొత్త రిలీజ్ ఎప్పుడు?" అనే ఇష్యూ ఒకటి తప్పకుండా కనిపిస్తుంది వాటిలో. దాని కింద ఏం జవాబు ఉందో చదవండి.

ఎన్‌పీఎం వ్యూకే మెయింటైనర్స్ అని ఇస్తే పబ్లిష్ హక్కు ఎవరెవరికి ఉందో తెలుస్తుంది. ఒక్కరే ఉంటే ఆ ఒక్కరి ఈమెయిల్, ఆ ఒక్కరి ఓపిక మీద మీ బిల్లింగ్ నడుస్తోందని అర్థం.

ఇంకో సంగతి, ఇది చాలామంది చూడరు. రిపోలో ఉన్న కోడూ, ఎన్‌పీఎంలో ఉన్న కోడూ ఒకటే అయి ఉండాలన్న నియమం ఏమీ లేదు. ఎక్స్‌జెడ్ అనే లినక్స్ కంప్రెషన్ టూల్ సంగతి మీకు తెలిసే ఉంటుంది. 2024 మార్చి 29న బయటపడింది, 5.6.0, 5.6.1 వెర్షన్లలో బ్యాక్‌డోర్ (దొంగదారి). దాన్ని నడిపించే బిల్డ్ స్క్రిప్టు ముక్క గిట్ రిపోలో లేదు, రిలీజ్ టార్‌బాల్‌లో (పంచడానికి మూటకట్టిన ఫైల్‌లో) మాత్రమే ఉంది. రిపోని ఎంత శ్రద్ధగా చదివినా ఆ ముక్క దొరికేది కాదు. అందుకే ఎన్‌పీఎం ప్యాక్‌తో ఆ వెర్షన్ టార్‌బాల్‌ని దించి, విప్పి, అదే వెర్షన్ గిట్ ట్యాగ్‌తో (రిపోలో ఆ వెర్షన్‌కి పెట్టిన గుర్తుతో) డిఫ్, అంటే తేడా, తీయండి. బిల్డ్ చేసిన మినిఫైడ్ (కుదించిన) ఫైళ్లు తేడాగానే వస్తాయి, వాటిని మీరే ట్యాగ్ నుంచి బిల్డ్ చేసి పోల్చాల్సి ఉంటుంది. అంత తీరిక లేకపోతే కనీసం ప్యాకేజ్ డాట్ జేసన్‌లో స్క్రిప్ట్స్ భాగం చూడండి. ప్రీఇన్‌స్టాల్, పోస్ట్‌ఇన్‌స్టాల్ అని ఉంటే ఇన్‌స్టాల్ చేసిన క్షణమే ఆ కోడ్ మీ మెషీన్ మీద నడుస్తుంది. ఎన్‌పీఎం పేజీలో ప్రొవెనెన్స్ గుర్తు ఉంటే ఆ ప్యాకేజీ ఏ కమిట్ నుంచి, ఏ సీఐలో బిల్డ్ అయిందో రుజువు ఉన్నట్టు. మీ ప్రాజెక్టులోని ప్యాకేజీలన్నిటికీ ఎన్‌పీఎం ఆడిట్ సిగ్నేచర్స్ అనే కమాండుతో ఒకేసారి సరిచూడొచ్చు.

మనుషులు ఎంతమంది?

రిపోని క్లోన్ చేసి గిట్ షార్ట్‌లాగ్‌ని, సంఖ్యల వరసలో వచ్చేలా, గత రెండేళ్లకి నడపండి. మొదటి పేరుకి 90 శాతం కమిట్లు ఉంటే అది ఒంటరి మనిషి ప్రాజెక్టు. ఇందులో తప్పేమీ లేదు, మనం వాడే సగం సాఫ్ట్‌వేర్ ఇలా ఒంటి చేతుల మీద నిలబడిందే. కాకపోతే ఆ మనిషికి కొత్త ఉద్యోగం వచ్చినా, ఇంట్లో పాప పుట్టినా మీ ఫిక్స్ ఆగిపోతుందని తెలిసి ఉండాలి.

ఒంటరి ప్రాజెక్టులో అసలు ప్రమాదం మౌనం కంటే చేతులు మారడంలో ఉంది. 2018లో ఈవెంట్ స్ట్రీమ్ అనే ప్యాకేజీ విషయంలో జరిగింది అదే. ఆసక్తి తగ్గిపోయిన రచయిత, సాయం చేస్తానని ముందుకొచ్చిన ఒక అపరిచితుడికి ప్యాకేజీని అప్పగించాడు. కొత్త మనిషి ఒక చిన్న డిపెండెన్సీ (అది ఆధారపడే మరో ప్యాకేజీ) చేర్చాడు, అందులో బిట్‌కాయిన్ వాలెట్‌ని దోచుకునే కోడ్ ఉంది. ఎక్స్‌జెడ్‌లోనూ అలిసిపోయిన ఒకే ఒక్క మెయింటైనర్. "ఇంకొకరికి అప్పగించు" అంటూ మెయిలింగ్ లిస్టులో ముక్కూమొహం తెలియని అకౌంట్ల ఒత్తిడి. ఏళ్ల తరబడి మంచి ప్యాచులు పంపి నమ్మకం సంపాదించిన ఒక మారుపేరు. కాబట్టి ఏడాదిగా నిద్రపోతున్న రిపోలో ఉన్నట్టుండి కొత్త పేరుతో కమిట్, రెండు రోజుల్లో రిలీజ్, అందులో కొత్త డిపెండెన్సీ, ఈ మూడూ కలిసి కనిపిస్తే సంతోషపడకండి. ఆ వెర్షన్ని పక్కన పెట్టి, ఎన్‌పీఎం డిఫ్‌తో పాత వెర్షన్‌కీ దీనికీ తేడా తీసి చదవండి.

చురుగ్గా ఉన్నంత మాత్రాన భద్రం అనీ అనుకోవద్దు. 2025 సెప్టెంబర్‌లో చాక్, డీబగ్ లాంటి ప్యాకేజీలు, అన్నీ ఆరోగ్యంగా ఉన్నవే, ఒక మెయింటైనర్‌కి వచ్చిన ఫిషింగ్ మెయిల్ వల్ల కొన్ని గంటలపాటు చెడ్డ కోడ్ మోశాయి. దీనికి మందు ప్యాకేజీని ఎంచుకోవడంలో లేదు, మీ ఇన్‌స్టాల్ పద్ధతిలో ఉంది. లాక్‌ఫైల్‌ని (ఏ ప్యాకేజీకి ఏ వెర్షన్ అని రాసి ఉండే ఫైల్‌ని) కమిట్ చేయండి. సీఐలో ఎన్‌పీఎం ఇన్‌స్టాల్ బదులు ఎన్‌పీఎం సీఐ వాడండి, వీలైతే ఇగ్నోర్ స్క్రిప్ట్స్ ఆప్షన్‌తో. పుట్టిన రోజే కొత్త వెర్షన్ని తీసుకోకండి. ఎన్‌పీఎం బదులు పీఎన్‌పీఎం అనే టూల్ వాడుతుంటే మినిమమ్ రిలీజ్ ఏజ్ అనే సెట్టింగ్ ఉంది, నిమిషాల్లో ఇవ్వాలి. మూడు రోజులంటే 4320. ఇలాంటి దాడులు చాలావరకు ఆ మూడు రోజుల్లోపే బయటపడిపోతాయి.

డిపెండెన్సీల చెట్టు

ఖాళీ ఫోల్డర్‌లో ఈ ఒక్క ప్యాకేజీనే ఇన్‌స్టాల్ చేసి, ఎన్‌పీఎం ఎల్ఎస్‌ని ఆల్ ఆప్షన్‌తో నడపండి. పైన ప్యాకేజీ నిక్షేపంగా ఉండి, మూడో అంచెలో ఎప్పుడో ఆగిపోయిన ఇమేజ్ డీకోడర్ ఉండొచ్చు. ఇన్‌స్టాల్ అవుతున్నప్పుడు వచ్చే డిప్రికేటెడ్ హెచ్చరికలు అందరూ చూసీ చూడనట్టు వదిలేస్తారు, వాటిని ఒక్కొక్కటిగా చదవండి. ఏది ఎవరి వల్ల వచ్చిందో ఎన్‌పీఎం ఎక్స్‌ప్లెయిన్ చెబుతుంది. అన్నిటికంటే ముందు చూడాల్సింది నేటివ్ కోడ్. సీ ప్లస్ ప్లస్‌లో కంపైల్ అయ్యే మాడ్యూల్ ఏదైనా ఉంటే, నోడ్ (సర్వర్ మీద జావాస్క్రిప్టుని నడిపేది) తర్వాతి మేజర్ వెర్షన్‌కి మీరు మారిన రోజున అది కంపైల్ అవ్వకపోవచ్చు. మెయింటైనర్ పలకని ప్యాకేజీలో నేటివ్ మాడ్యూల్ ఉంటే నేను వద్దనే అంటాను. అచ్చంగా జావాస్క్రిప్టే అయితే చాలా ఏళ్లు అలాగే నడుస్తుంది.

సెక్యూరిటీ

ఓఎస్‌వీ డాట్ డెవ్ అనే సెక్యూరిటీ లోపాల సైటులో ప్యాకేజీ పేరు వెతికి పాత లోపాల చిట్టా చూడండి. లోపాలు ఉండటం చెడ్డగుర్తు అనుకోకండి. ఎవరో వెతికారు, దొరికింది, సరిచేశారు అని అర్థం. చూడాల్సింది లోపం బయటపడిన తేదీకీ ఫిక్స్ వెర్షన్ తేదీకీ మధ్య దూరం. చిట్టా ఖాళీగా ఉందంటే రెండు కారణాలు ఉండొచ్చు: లోపాలు లేకపోవడం, లేదా ఎవరూ వెతకకపోవడం. సెక్యూరిటీ డాట్ ఎండీ ఫైల్ ఉందా, గుట్టుగా చెప్పడానికి దారి ఇచ్చారా చూడండి. అది కూడా లేకపోతే, లోపం దొరికినవాళ్లు బహిరంగంగా ఇష్యూ పెట్టేస్తారు, ఫిక్స్ కంటే ముందు దాడి వస్తుంది.

ఓపెన్ సోర్స్ భద్రత చూసే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎఫ్ వాళ్ల స్కోర్‌కార్డ్ టూల్ మంచిదే, కానీ పదికి ఎంత వచ్చిందన్నది చూసి నిర్ణయించకండి. అందులో మెయింటైన్డ్ అనే తనిఖీ గత 90 రోజుల కమిట్లు, ఇష్యూల కదలిక మీదే ఆధారపడుతుంది. పని పూర్తయి ప్రశాంతంగా ఉన్న చిన్న లైబ్రరీకి అక్కడ సున్నా పడొచ్చు. మొత్తం మార్కు వదిలేసి ఒక్కో తనిఖీ విడిగా చదివితే ఉపయోగం. ముఖ్యంగా బ్రాంచి ప్రొటెక్షన్, కోడ్ రివ్యూ, డేంజరస్ వర్క్‌ఫ్లో అనేవి.

ఎంటర్‌ప్రైజ్ క్లయింట్లు ఎవరైనా వస్తే ఎస్‌బామ్ (సాఫ్ట్‌వేర్‌లో ఏయే భాగాలున్నాయో చెప్పే జాబితా) అడుగుతారు. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2024 అక్టోబర్‌లోనే దీని మీద మార్గదర్శకాలు ఇచ్చింది. ఎన్‌పీఎం ఎస్‌బామ్ కమాండు సైక్లోన్‌డీఎక్స్, ఎస్‌పీడీఎక్స్ రెండు రకాల్లోనూ ఇస్తుంది, ఇప్పటినుంచే బిల్డ్‌లో పెట్టేసుకోండి.

లైసెన్స్ గురించి ఒక్కమాట. ఎంఐటీ, అపాచీ అయితే మీకు చిక్కు లేదు. ఒక కంపెనీ చేతిలో ఉన్న ప్రాజెక్టు అయితే లైసెన్స్ రేపు మారొచ్చు. 2023 ఆగస్టులో టెర్రాఫామ్, 2024 మార్చిలో రెడిస్ అలాగే మారాయి, ఓపెన్‌టోఫు, వాల్‌కీ అనే ఫోర్కులు పుట్టాయి. మనం వాడే పాత వెర్షన్ లైసెన్స్ మారదు, కొత్త ఫిక్సులే ఆ పాత లైసెన్స్ కింద రావు.

మీ అసలు పరీక్ష: తెలుగు

ఇది మీరు అడగలేదు, కానీ మీ కేసులో అన్నిటికంటే ముందు ఇదే చూడాలి. ప్యాకేజీ ఎంత ఆరోగ్యంగా ఉన్నా తెలుగు సరిగ్గా రాకపోతే మీకు పనికిరాదు. చాలా పీడీఎఫ్ లైబ్రరీలు ఒక యూనికోడ్ అక్షరానికి ఒక గ్లిఫ్ (ఫాంట్‌లోని అక్షరం బొమ్మ) అని వరసగా పేర్చుకుంటూ పోతాయి. ఇంగ్లీషుకి అది చాలు. "స్త్రీ" అనే ఒక్క అక్షరం వెనక ఆరు కోడ్ పాయింట్లు ఉన్నాయి: స, పొల్లు, త, పొల్లు, ర, గుడి దీర్ఘం. ఫాంట్‌లోని నియమాలు చదివి ఈ ఆరింటినీ గుడి దీర్ఘంతో, ఒత్తులతో కలిపి పేర్చే పనిని షేపింగ్ అంటారు. అది లేని లైబ్రరీలో స, త, ర మూడూ పక్కపక్కన నిలబడి, మధ్యలో పొల్లు విడిగా వేలాడుతూ వస్తుంది.

ఒక చిన్న టెస్టు ఫైల్ చేయండి. నోటో సాన్స్ తెలుగు ఫాంట్ పెట్టి ఈ మాటలు పీడీఎఫ్‌గా తీయండి: స్త్రీ, లక్ష్మి, జ్ఞానేశ్వర్, కర్త్రి, హైదరాబాద్‌లో, ₹1,250. వీటిలో "హైదరాబాద్‌లో" ఊరికే పెట్టింది కాదు. ద్ తర్వాత కంటికి కనిపించని జీరో విడ్త్ నాన్ జాయినర్ (పక్క అక్షరం ఒత్తుగా కలవకుండా ఆపే గుర్తు) ఉంటుంది. లైబ్రరీ దాన్ని మింగేస్తే ద కింద ల ఒత్తు పడి "హైదరాబాద్లో" అవుతుంది. దాన్ని పట్టించుకోకుండా గ్లిఫ్ వెతికితే మధ్యలో ఖాళీ డబ్బా వస్తుంది. షాపు అడ్రసుల్లో ఇలాంటి మాటలు వందల్లో వస్తాయి. ₹ గుర్తు మీరు పెట్టిన ఫాంట్‌లో ఉందో లేదో కూడా ఇక్కడే తేలిపోతుంది. తర్వాత ఆ పీడీఎఫ్‌లోంచి తెలుగుని కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేయండి. కంటికి బాగుండి కాపీలో చెత్త వస్తే, పీడీఎఫ్‌లో పేరు పెట్టి వెతికినా దొరకదు. వ్యాపారికి పాత బిల్లు వెతుక్కోవడం రోజూ ఉండే పని.

ఆ తర్వాత రిపో ఇష్యూల్లో తెలుగు, హిందీ, తమిళం, ఇండిక్, షేపింగ్, లిగేచర్ అనే మాటలు ఇంగ్లీషులో వెతకండి. ఆరేళ్ల కిందటి "హిందీ విరిగిపోతోంది" అన్న ఇష్యూ ఇంకా ఓపెన్‌గా ఉంటే, మెయింటైనర్లు ఎంత చురుగ్గా ఉన్నా అది మీకోసం ఇప్పట్లో సరికాదు. టెస్టుల ఫోల్డర్‌లో ఒక్క భారతీయ లిపి అయినా ఉందేమో చూడండి. ఇవాళ తెలుగు వస్తున్నా, టెస్టు లేకపోతే వచ్చే రిలీజ్‌లో విరిగినట్టు వాళ్లకే తెలియదు.

ఆగిపోవడం, అయిపోవడం ఒకటి కాదు

14 నెలల మౌనం ఎప్పుడు తప్పు, ఎప్పుడు కాదు? తేదీల తేడా లెక్కపెట్టే 200 వరుసల లైబ్రరీ నాలుగేళ్లుగా కదలకపోతే పని అయిపోయిందని అర్థం. బయటినుంచి వచ్చిన డేటాని తెరిచి చదివే ప్యాకేజీకి, అంటే ఇమేజ్, ఫాంట్, ఎక్స్‌ఎంఎల్, నెట్‌వర్క్ ప్రోటోకాల్ లాంటివి చదివేదానికి, "అయిపోవడం" అంటూ ఉండదు. దాడి చేసేవాళ్లు కొత్త దారులు వెతుకుతూనే ఉంటారు. లాగ్‌ఫర్‌జే అనే జావా లైబ్రరీ ఒకటో వెర్షన్‌ని 2015 ఆగస్టులోనే ఆపేశారు. 2021 డిసెంబర్‌లో లాగ్‌ఫర్‌జే 2లో పెద్ద లోపం బయటపడి అందరూ తమ సర్వర్లు వెతుక్కున్నప్పుడు, ఆ పాత ఒకటో వెర్షన్ ఎన్నో చోట్ల ఇంకా నడుస్తూ కనిపించింది. దాన్ని నడిపిన అపాచీ సంస్థ నుంచి ఫిక్సులు ఆగిపోయాయి.

మీ బిల్లులో ఉండేది మీ డేటాబేస్‌లోంచి వచ్చే అక్షరాలు మాత్రమే అయితే ముప్పు తక్కువ. షాపు యజమాని తన లోగో అప్‌లోడ్ చేసుకునే సౌకర్యం ఇస్తే లెక్క మారుతుంది. అప్పుడు ఎవరో పంపిన ఇమేజ్‌ని ఈ మౌన ప్యాకేజీయే తెరుస్తుంది. లోగోని ముందే, బాగా నిర్వహణలో ఉన్న వేరే ఇమేజ్ లైబ్రరీతో చదివి, సైజు తగ్గించి, కొత్త పీఎన్‌జీగా రాసి, అది మాత్రమే పీడీఎఫ్ ప్యాకేజీకి ఇవ్వండి.

వదిలేయడానికి ఎంత పని?

ప్యాకేజీని మీ కోడ్‌లో 40 ఫైళ్లలో ఇంపోర్ట్ చేయకండి. ఒకే ఫైల్‌లో, "ఈ బిల్లు డేటా తీసుకో, పీడీఎఫ్ బైట్లు ఇవ్వు" అనే ఒక్క ఫంక్షన్ వెనక దాచండి. టెస్టు కోసం పది నమూనా బిల్లులు పెట్టుకోండి: ఒక పేజీది, మూడు పేజీలది, పొడుగు తెలుగు పేర్లున్నది, జీఎస్‌టీ రెండు రేట్లు కలిసినది, అలా. వాటి పీడీఎఫ్‌లని ఇమేజీలుగా మార్చి, వెర్షన్ మారినప్పుడల్లా పాతవాటితో పోల్చండి. ఇది ఉంటే రేపు ప్యాకేజీ మార్చడం మూడు నాలుగు రోజుల పని. లేకపోతే మూడు వారాలు, ఆపైన షాపులనుంచి ఫోన్లు.

ఫోర్క్ చేసి మనమే చూసుకుంటాం అని తేలిగ్గా అనేస్తారు. చిన్న బగ్ ఒకటే అయితే ప్యాచ్-ప్యాకేజ్ చాలు, మీ రిపోలోనే ఒక ప్యాచ్ ఫైల్‌గా ఉంటుంది. లోపలి డిపెండెన్సీ వెర్షన్ పెంచాలంటే ప్యాకేజ్ డాట్ జేసన్‌లో ఓవర్‌రైడ్స్ చాలు. ఫోర్క్ అంటే పీడీఎఫ్ స్పెసిఫికేషన్ తెలిసిన ఒక మనిషి మీ టీమ్‌లో ఉండాలి, ఆయన వెళ్లిపోయాక ఇంకొకరు ఉండాలి. అయిదుగురి స్టార్టప్‌కి నేను దాన్ని సలహా ఇవ్వను.

మీ విషయంలో నేనైతే ఈ వరసలో వెళ్తాను. మొదట తెలుగు పరీక్ష. తప్పితే మిగతావేవీ చూడక్కర్లేదు, పపెటీర్ అనే టూల్‌తో క్రోమ్ ద్వారా హెచ్‌టీఎంఎల్ నుంచి పీడీఎఫ్ తీయండి. క్రోమ్‌లో షేపింగ్‌ని హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీ చేస్తుంది కాబట్టి తెలుగు సరిగ్గా వస్తుంది. దానికి వెలగా బ్రౌజర్‌కి వందల ఎంబీ మెమరీ కడతారు. వెయ్యి బిల్లులు ఒకేసారి వస్తే క్యూ పెట్టాలి. పరీక్ష పాసైతే 20 ఇష్యూలు, రిలీజ్ తేదీలు, నేటివ్ కోడ్. నేటివ్ కోడ్ లేకుండా, ఇష్యూలకి జవాబులు పడుతూ ఉంటే మీ మాటే నిజం, వెర్షన్ని పిన్ చేసి (మారకుండా కట్టేసి) వాడుకోండి. మూడు నెలలకోసారి క్యాలెండర్‌లో అరగంట పెట్టుకుని ఇదే కాగితం మళ్లీ నింపండి. జవాబులు లేకపోతే లీడ్ గారి మాట వినండి.

ఇవాళే చేయగలిగింది ఇంకొకటి ఉంది. ఆ ఆరు మాటల టెస్టుని, ఫాంట్ ఫైల్ పేరుతో, వచ్చిన పీడీఎఫ్‌తో, రావాల్సిన రూపం స్క్రీన్‌షాట్‌తో కలిపి ఒక ఇష్యూగా పెట్టండి. ఇంగ్లీషు తప్ప వేరే లిపి చదవలేని మెయింటైనర్‌కి ఏది తప్పో కంటితో కనిపించాలి కాబట్టి రెండు చిత్రాలూ పక్కపక్కన పెట్టి, తేడా ఉన్నచోట ఎర్రగీత గీయండి. ఇవి తెలుగు కంప్యూటింగ్ మీద పనిచేసేవాళ్లకి కూడా చూపించండి. స్వేచ్ఛ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్ సంస్థ వాళ్లు మన హైదరాబాద్‌లోనే ఉన్నారు. ఇష్యూ పెట్టిన తేదీ రాసి పెట్టుకోండి. రెండు వారాల తర్వాత దాని కింద ఎవరి మాట పడింది, పేరు పక్కన ఏ పట్టీ ఉంది చూస్తే మీ కాగితంలో 21వ వరుస కూడా నిండుతుంది.